మోక్షద్వారం మొదటి లబ్ధిదారు

పంపన నూకరత్నం జ్వరంతో మంచం పట్టిన రెండోవారంలో మునిసిపల్ కమిషనరు గారు ఆవిడని చూడడానికి ఇంటికొచ్చారు.

చింతలమెరక పట్టణంలో పుట్టి, అక్కడే మెట్టి, ఎనభై ఏడేళ్ళుగా అక్కడే బతుకుతున్న నూకరత్నానికి ఇటువంటి వింత ఇదే మొదలు. మునిసిపాలిటీ ఆవిడ గుమ్మం తొక్కడమంటే ఇంతవరకూ పన్ను నోటీసు రావడమే. అటువంటిది సాక్షాత్తూ కమిషనరు, ఆయన వెనక శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ వెనక యాపిల్ పళ్ళ బుట్ట ఎత్తుకుని అటెండరు, ముగ్గురూ ఇంటిముందు మురుగుకాలువ మీద వేసిన తాటిదుంగ మీంచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గోదాట్లో రేవు దాటినట్టు దాటి లోపలికొచ్చారు.

కాలువ సంగతి చూడడానికే వచ్చారనుకుంది నూకరత్నం. అందుకు కారణం ఉంది. పెసలవీధి కాలువకి పైకప్పు లేదు, కిందకి వాలు లేదు. వాన పడితే అది అరుగెక్కుతుంది, ఎండ కాస్తే వాసనెక్కుతుంది. బస్టాండు దగ్గర పెసరట్ల హోటలు నడిపినన్నాళ్ళూ నూకరత్నం నోటికి ఊరంతా భయపడేది. హోటలు మూసేశాక ఆ నోటిని ఆవిడ సోమవారం సోమవారం మునిసిపల్ ఆఫీసులో అర్జీల దగ్గర వాడుతూ వచ్చింది. కాలువ మాత్రం భయపడలేదు. ఇప్పుడీ జ్వరం కూడా దాని దోమల పుణ్యమే.

కమిషనరు పరాంకుశం గారు ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుండే మనిషి. మాట కూడా అంతే. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, గొంతులో దుఃఖం సర్దుకుని అడిగారు.

"అమ్మా, తమ ఆరోగ్య పరిస్థితి ప్రస్తుతం ఏ దశలో ఉన్నది?"

"నెమ్మదిగానే ఉంది బాబూ. జ్వరం దిగింది. పొద్దున్న కాస్త పెరుగన్నం కూడా తిన్నాను."

"తిన్నారా?"

కమిషనరు గారి ముఖం వాడిపోయింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు వైపు ఒక చూపు చూశారు. తప్పుడు లెక్క పంపి దొరికిపోయిన ఉద్యోగిలా అతను తల దించుకున్నాడు.

"అరిగిందా?" అన్నారు కమిషనరు గారు, ఇంకా ఏదో ఆశతో.

"అరక్కేం! మజ్జిగ కూడా తాగాను. అది సరే బాబూ, మా కాలువ సంగతి..."

"అన్నీ చూస్తామమ్మా. ఈ వయసులో ఇహలోక విషయాల మీద మమకారం తగ్గించుకోవడం శ్రేయస్కరం."

ఆయన లేచి రెండు చేతులూ జోడించారు. వెళ్తూ వెళ్తూ శానిటరీ ఇన్‌స్పెక్టరు జేబులోంచి టేపు తీసి వీధిగుమ్మం వెడల్పు కొలిచాడు. "సరిపోతుందండి. వంచక్కర్లేదు," అన్నాడు మెల్లిగా. కోడలు సత్యవేణి వంటింటి గుమ్మంలోంచి ఆ మాట విన్నది గానీ, ఏమిటి సరిపోతుందో, దేన్ని వంచక్కర్లేదో ఆమెకి బోధపడలేదు.

మర్నాడు పొద్దున్నే వార్డు కౌన్సిలరు దొరబాబు వచ్చాడు. చిన్నప్పుడు నూకరత్నం హోటల్లో అప్పు పెట్టి అల్లంపచ్చడి నాకినవాడు. ఆవిడ ముందు అబద్ధం ఆడడం వాడికి ఈనాటికీ చేతకాదు.

"ఏరా, నిన్న మీ కమిషనరెందుకొచ్చాడు? గుమ్మం ఎందుకు కొలిచారు?"

దొరబాబు నీళ్ళు నమిలాడు. పక్కకి చూశాడు. యాపిల్ పండు ఒకటి తీసి మళ్ళీ బుట్టలో పెట్టాడు.

"చెప్తావా, మీ అమ్మకి కబురెట్టనా?"

"నువ్వు కంగారు పడకూడదు మామ్మా. ఇది గౌరవం. మన వార్డుకి ఇన్నాళ్ళకి దక్కిన గౌరవం."

వాడు చెప్పినదంతా విన్నాక నూకరత్నానికి విషయం తెలిసింది.

ఏటిగట్టు పక్కన మునిసిపాలిటీ వారు గ్యాసుతో నడిచే దహనవాటిక కట్టారు. దాని పేరు మోక్షద్వారం. గోపురం, పాలరాతి మెట్లు, లోపల విదేశీ యంత్రం, బయట పూలమొక్కలు. కట్టడం పూర్తయి చాలా కాలమైంది. కానీ వాడకానికి ఒక నిబంధన అడ్డొచ్చింది. ఎక్కడో ఏదో ఊళ్ళో నీళ్ళు రాని మంచినీళ్ళ కుళాయికి ప్రారంభోత్సవం చేసి పెద్దలు అభాసుపాలయ్యారట. దాంతో పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇకమీదట ఏ ప్రజోపయోగ నిర్మాణమైనా ప్రారంభోత్సవ సమయాన, ముఖ్య అతిథి సమక్షంలో, ప్రథమ లబ్ధిదారు చేత వినియోగింపజేయాలి. ఆ దృశ్యాన్ని ఫోటో తీసి పైకి పంపాలి. ప్రారంభానికి ముందు ఎవరూ వాడరాదు.

ఆ ఉత్తర్వుని చింతలమెరక మునిసిపాలిటీ అక్షరాలా పాటించింది. బస్‌షెల్టరు ప్రారంభించిన రోజున ఒక పెద్దమనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. సంతలో మరుగుదొడ్డి ప్రారంభించిన రోజున ఛైర్మన్ గారి బావమరిది ప్రథమ లబ్ధిదారుగా లోపలికి వెళ్ళాడు. బయట నాదస్వరం వాయిస్తూ ఉంటే, జనం తలుపువైపే చూస్తూ ఉంటే, పాపం అతనికి ఎంతకీ పని కాలేదు. ముఖ్య అతిథి గారు ఎండలో నిలబడే ఉన్నారు. చివరికి అతను చెమటతో బయటికొచ్చి విజయసంకేతం చూపించాక గానీ సభ ముగియలేదు.

ఇప్పుడు మోక్షద్వారం వంతు. మంత్రిగారు శ్రావణమాసంలో వస్తానని తేదీ ఇచ్చేశారు. ప్రథమ లబ్ధిదారు కావాలి.

"దీని మీద కౌన్సిలు మీటింగు పెట్టారు మామ్మా," అన్నాడు దొరబాబు. "ఛైర్మన్ గంగిశెట్టి వీర్రాజు గారు అడిగారు, ఏ వార్డునుంచి పేరు తీసుకుందామని. అంతే, కొట్లాట! మార్కెట్ వార్డాయన లేచి, మా వార్డులో పక్షవాతమొచ్చి ఏళ్ళ తరబడి మంచాన ఉన్న పెద్దాయన ఉన్నాడు, ఆయన సీనియారిటీ ఏం కావాలీ అన్నాడు. కోట వార్డామె ఈసారి ఆడవాళ్ళకే ఇవ్వాలని కూర్చుంది. తమ వాళ్ళలో ఒక్కడికీ అవకాశం ఇవ్వలేదని ఎదటిపక్షం వాళ్ళు వాకౌట్ చేసేశారు."

"మరి నా పేరెవడు చెప్పాడు?"

దొరబాబు తలొంచుకున్నాడు. సిగ్గు, దాని అడుగున కొంచెం గర్వం.

"నేనే మామ్మా. మన వార్డుకెప్పుడూ ఏదీ రాదుగదా అని. నువ్వు ఆడమనిషివి. పెద్దదానివి. జ్వరం మీదున్నావు. ఫోటోలో నీ ముఖం నిండుగా ఉంటుందని ఛైర్మన్ గారు కూడా అన్నారు. ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది."

సత్యవేణి చేతిలో కాఫీ గ్లాసు నేలకి కొట్టింది. "బతికున్న మనిషికి కొలతలు తీసుకుంటారా? మీ ఇళ్ళల్లో పెద్దాళ్ళు లేరూ?" అంటూ పళ్ళబుట్ట ఎత్తి కాలువలో విసరబోయింది.

"ఆగవే," అంది నూకరత్నం. "యాపిల్ పండు చేసిన పాపమేంటి? అలా పెట్టు."

ఆవిడ కాసేపు కప్పువంక చూస్తూ పడుకుంది. తరువాత ఆవిడ పొట్ట కదిలింది. ఏడుస్తోందనుకుని దొరబాబు హడలిపోయి దగ్గరికెళ్ళాడు. నూకరత్నం నవ్వుతోంది.

"ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటార్రా. బతికినన్నాళ్ళూ గవ్వకి కొరగాలేదు గానీ, చస్తానంటే నాకూ వెయ్యి పలుకుతోంది. ఎల్లి మీ కమిషనర్ని రమ్మను."

కమిషనరు గారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. ఈసారి ఇంజినీరుని కూడా వెంటబెట్టుకొచ్చారు.

"నాకేం అభ్యంతరం లేదు బాబూ," అంది నూకరత్నం, గొంతు వీలైనంత నీరసంగా పెట్టి. "ఎవరైనా పోవలసిందే. మంత్రిగారు వస్తానంటే ఆయన సమక్షంలో పోవడానికి పెట్టి పుట్టాలి. కానీ నాదొక్కటే దిగులు."

"ఏమిటది? నిస్సంకోచంగా సెలవియ్యండి."

"ఈ వీధిలోంచి నా పాడె ఎలా వెళ్ళుద్ది? మోసే నలుగురూ ఆ దుంగ మీద కాలు జారి కాలవలో పడితే, నా సంగతి సరే, మంత్రిగారి ఫోటో ఏమవుద్ది?"

కమిషనరు గారు ఇంజినీరుని చూశారు. ఇంజినీరు కిటికీలోంచి కాలువని చూశాడు. అతను ఆ కాలువ గురించి అర్జీల్లో చాలాసార్లు చదివాడు గానీ, చూడడం అదే మొదలు.

"సదరు అంతిమయాత్రా మార్గాన్ని యుద్ధప్రాతిపదికన అభివృద్ధి పరచవలెను," అన్నారు కమిషనరు గారు.

ఆ యుద్ధం మర్నాడే మొదలైంది. పెసలవీధి కాలువలో పూడిక తీశారు, వాలు సరిచేశారు, మీద పలకలు పరిచారు. ఇంటిముందునుంచి ఏటిగట్టు దాకా సిమెంటు రోడ్డు పడింది. దారిలో చీకటిగా ఉంటే అమంగళం అని నూకరత్నం మూలిగింది. దీపస్తంభాలు పాతారు. స్నానం చేయించడానికి నీళ్ళెలా అని సత్యవేణి చేత అడిగించింది. కొన్నేళ్ళుగా దగ్గడమే తప్ప నీళ్ళు కక్కని వీధి కుళాయి ధారగా పారింది. మొదట్లో ఇదంతా చూసి బుగ్గలు నొక్కుకున్న వీధివాళ్ళు మెల్లిగా వచ్చి మంచం చుట్టూ చేరారు. "మామ్మా, మా ఇంటి మలుపు దగ్గర కూడా పాడె తిరగడం కష్టమే. ఆ మాట కూడా కమిషనరు చెవిన వెయ్యి," అని బతిమాలుకున్నారు.

నూకరత్నం అందరి మాటా వేసింది. చచ్చి సాధించడం అంటే ఏమిటో ఆవిడకి ఇన్నాళ్ళకి అర్థమైంది. అందులో మళ్ళీ చావనక్కర్లేకపోవడం ఇంకా బాగుంది.

మునిసిపల్ ఆసుపత్రి డాక్టరుకి కమిషనరు గారు నోటిమాటగా ఒక ఆదేశం ఇచ్చారు. నూకరత్నం గారి ప్రాణాన్ని మంత్రిగారి పర్యటన ముందురోజు వరకు సర్వవిధాలా నిలపాలి. తదనంతరం సదరు ప్రాణం విషయంలో ఆసుపత్రి అత్యుత్సాహం చూపరాదు. డాక్టరు కుర్రవాడు. బుర్ర గోక్కుని, "జ్వరం తగ్గించడం వరకేనండి నేను చదువుకున్నది. తేదీ చూసి తగ్గించడం మాకు చెప్పలేదు," అన్నాడు. పోనీ మొదటి సగమైనా చేద్దామని రోజూ వచ్చి మందులిచ్చాడు. దోమలు పోయాయి. మంచినీళ్ళు వచ్చాయి. పళ్ళు, పాలు, హార్లిక్సు మునిసిపాలిటీ తరఫున అందుతూనే ఉన్నాయి. నూకరత్నం బుగ్గలు పూరీల్లా పొంగాయి. కమిషనరు గారు వచ్చినప్పుడు మాత్రం దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్ళు సగం మూసేది.

ఇంతలో ముసురు పట్టింది. ఆ ముసుర్లో వెనకవీధి సన్నాయి బంగారయ్య చనిపోయాడు.

ఊళ్ళో ఏ పెళ్ళికైనా సన్నాయి ఆయనదే. నూకరత్నం హోటలు నడిచినన్నాళ్ళూ మొదటి పెసరట్టు ఆయనదే. కొడుకులు మోక్షద్వారం తాళం తియ్యమని మునిసిపల్ ఆఫీసుకి పరుగెత్తారు. పాత శ్మశానంలో మోకాలిలోతు నీళ్ళున్నాయి మరి. కమిషనరు గారు వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ప్రగాఢ సంతాపం తెలిపి, నిబంధన వివరించారు. ప్రారంభానికి పూర్వమే వినియోగిస్తే అది ప్రారంభమైనట్టే లెక్క. ఒకసారి ప్రారంభమైనదాన్ని తిరిగి ప్రారంభించడం కుదరదు. అప్పుడు మంత్రిగారు వచ్చి ఏం చేస్తారు? "మీ నాన్నగారు కొన్నాళ్ళు ఆగి ఉంటే మాకేమీ అభ్యంతరం ఉండేది కాదు," అన్నారు, నిజంగానే నొచ్చుకుంటూ.

నూకరత్నం కొడుకు గోవిందరాజు సైకిలుషాపు మూసి దహనానికి వెళ్ళాడు. ఉదయం వెళ్ళినవాడు పొద్దువాలాక వచ్చాడు. ఒళ్ళంతా తడి, కిరసనాయిలు వాసన, కళ్ళు ఎర్రగా. అన్నానికి రమ్మంటే రాలేదు. అరుగుమీదే కూర్చున్నాడు.

"ఏరా, అయిందా?" అంది నూకరత్నం, గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుని.

"అయిందనిపించాం అమ్మా. నీళ్ళలో కాస్త మిట్ట చూసి పేర్చాం. కర్రలన్నీ తడి. టార్పాలిను పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. అంటుకోవడం, ఆరిపోవడం, అంటుకోవడం, ఆరిపోవడం. చివరికి టైర్లు తెచ్చి వేశారు." గోవిందరాజు మొహం తుడుచుకున్నాడు. "గట్టుమీద ఆ మోక్షద్వారం, దీపాలు కూడా పెట్టి ఉంచారు, మెరిసిపోతోంది. బంగారయ్య పెద్దకొడుకు దాన్నే చూస్తూ నిలబడ్డాడమ్మా. ఏమీ అనలేదు. అలా చూస్తూ నిలబడ్డాడు."

ఆ రోజునుంచి ఆవిడ యాపిల్ పళ్ళు ముట్టుకోలేదు. సత్యవేణి బుట్టెడూ తీసుకెళ్ళి బంగారయ్య మనవలకి ఇచ్చి వచ్చింది.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఒక ఉదయం కమిషనరు గారు జీపులో రైతుబజారు మీదుగా వెళ్తూ ఒక దృశ్యం చూసి డ్రైవరు భుజం పట్టుకున్నారు. ప్రథమ లబ్ధిదారు గారు కాకరకాయల కొట్టు దగ్గర నిటారుగా నిలబడి, "ఇవి కాకరకాయలా, నీ మేనమామ బొటనవేళ్ళా?" అని కొట్టువాణ్ణి నిలదీస్తున్నారు.

అత్యవసర సమావేశం జరిగింది. ఛైర్మన్ వీర్రాజు గారు తలపట్టుకున్నారు. "ఇంత ఖర్చుపెట్టి చంపు... అదే, చూసుకుంటే, ఇలా కోలుకుంటారని ఎవరనుకున్నారండీ? మార్కెట్ వార్డు పెద్దాయన్నన్నా అడిగి చూద్దామా?"

"ఆయన కూడా కోలుకుంటున్నారండి," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు. "తన పేరు కొట్టేశారన్న కోపంతో నిన్న లేచి కూర్చున్నారట."

కమిషనరు గారు ఉత్తర్వు ముందు పెట్టుకుని ఒక్కొక్క వాక్యమే చదువుతున్నారు. కష్టకాలంలో కొందరు భగవద్గీత చదువుతారు, ఆయన ఉత్తర్వులు చదువుతారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. ముఖం వెలిగింది.

"వినండి. ప్రథమ లబ్ధిదారు వేదికపైనుండి స్వయంగా తమ సంతృప్తిని వ్యక్తం చేయవలెను, అని ఉన్నది. మరణించినవారు సంతృప్తి వ్యక్తం చేయజాలరు. కనుక నిబంధన ప్రకారం దహనవాటిక ప్రథమ లబ్ధిదారు సజీవులై ఉండుట తప్పనిసరి."

శానిటరీ ఇన్‌స్పెక్టరు జేబులో టేపుని ఇంకా లోపలికి తోసుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ మనం ఆవిడ పోవాలని..." అన్నారు ఛైర్మన్ గారు.

"నిబంధనకు విరుద్ధంగా ఆశించాం," అన్నారు కమిషనరు గారు.

అప్పటికప్పుడు నూకరత్నం ఇంటికి వెళ్ళి కొత్త ఏర్పాటు వివరించారు. ఆవిడని పూలకుర్చీలో ఊరేగింపుగా తీసుకొస్తారు. యంత్రం పళ్ళెం మీద కాసేపు పడుకుంటే ఫోటో తీస్తారు. మీట నొక్కరు. దానికి కమిషనరు గారు వ్యక్తిగతంగా హామీ. తరువాత దిగొచ్చి సంతృప్తి వ్యక్తం చెయ్యాలి.

సత్యవేణి చీపురు కోసం చూసింది. నూకరత్నం కళ్ళతోనే ఆపింది.

"సంతృప్తి ముందు వ్యక్తం చేస్తాను బాబూ. పడుకోవడం తరవాత. మైకు మాత్రం నా చేతికివ్వాలి."

"తప్పకుండా. ప్రసంగపాఠం మేమే రాసి ఇస్తాం."

ప్రారంభోత్సవం రోజు సన్నగా తుంపర పడుతోంది. మోక్షద్వారం ముందు షామియానా, పన్నీరు బుడ్లు, బంతిపూల తోరణాలు. ద్వారానికి అడ్డంగా ఎర్రటి రిబ్బను. పైన పెద్ద అక్షరాలతో బ్యానరు: 'మోక్షద్వారానికి స్వాగతం! సుస్వాగతం!! మీ రాక మాకెంతో ఆనందం. దయచేసి మళ్ళీ మళ్ళీ విచ్చేయండి.' మునిసిపాలిటీ పార్కు కోసం రాయించిన నమూనాలో ఒక్క పేరే మార్చారు. మంత్రిగారు దానివైపు ఒకసారి చూసి, తొందరగా చూపు తిప్పుకున్నారు.

ఆ ఉదయమే బస్టాండులో కొబ్బరికాయలమ్మే ముత్యాలు చనిపోయింది. ముత్యాలుకి ఉన్నది ఒక్క కూతురు. తల్లిని పాత శ్మశానం నీళ్ళలోకి ఎలా తీసుకెళ్ళాలో తెలియక బంగారయ్య కొడుకుల్ని అడగడానికి వెళ్ళింది. వాళ్ళ ముఖాలు చూసి అడక్కుండానే తిరిగొచ్చింది. ఆ కబురు సత్యవేణి తెచ్చింది. నూకరత్నం పట్టుచీర కట్టుకుంటూ ఒక్క నిమిషం ఆగి, కొడుకుని పిలిచింది.

"గోవిందూ, ముత్యాలు ఇంటికెళ్ళు. ఏడుపులయ్యాక కాదు, ఇప్పుడే బయల్దేరమను. పాత శ్మశానానికి కాదు. మన వీధిలోంచి తిన్నగా మోక్షద్వారానికి తెమ్మను. రోడ్డు ఎలాగూ పాడె కోసమే వేశారు."

"పోలీసులు ఆపేస్తారేమో అమ్మా."

"ఆపనీ. గేటు దగ్గర ఆపితే చాలు, వేదిక మీదకి కనపడుద్ది."

గోవిందరాజు తల్లి ముఖంలోకి చూశాడు. ఏ పనీ తెగించి చెయ్యనివాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే సైకిలెక్కాడు.

పూలకుర్చీలో నూకరత్నం వచ్చింది. ఛైర్మన్ గారు చరిత్ర గురించి మాట్లాడారు. కమిషనరు గారు లబ్ధి గురించి మాట్లాడారు. మంత్రిగారు వాచీ చూసుకున్నారు. అప్పుడు వినిపించింది డప్పు, గేటు బయట. ఇద్దరు కానిస్టేబుళ్ళు పరుగెత్తి పాడెకి అడ్డం నిలబడ్డారు. ముత్యాలు కూతురి ఏడుపు షామియానాలోకి వచ్చింది. జనం తలలు తిప్పారు.

"ప్రథమ లబ్ధిదారు గారు ఇప్పుడు తమ సంతృప్తిని వ్యక్తం చేస్తారు," అని కమిషనరు గారు గబగబా మైకు ఆవిడ చేతికిచ్చారు.

నూకరత్నం కాగితం విప్పింది. "గౌరవనీయులైన మంత్రివర్యులకు, ఈ దహనవాటిక సేవలు నాకు అత్యంత..." అని చదివి, కళ్ళజోడు తీసి, కాగితం మడిచి కుర్చీలో పెట్టింది.

"బాబూ మంత్రిగారూ! దీనికి మొదటి వంతు నాదని మీ మునిసిపాలిటీ వాళ్ళు తీర్మానం చేశారు. నాకోసం కాలవ కట్టారు, రోడ్డేశారు, దీపాలెట్టారు. ఎవరూ ఇంత మర్యాద చెయ్యలేదు నాకు. కాదనను. కానీ రేషన్ కొట్టు దగ్గర వరసలో నిలబడ్డప్పుడు, వెనక చంటిపిల్లని ఎత్తుకున్న తల్లుంటే, నువ్వు ముందెళ్ళమ్మా అంటాం గదా. ఇప్పుడు నా వెనక ముత్యాలొచ్చింది. అదిగో, గేటు దగ్గర వానలో తడుస్తోంది. నా వంతు ముత్యాలికి ఇచ్చేస్తున్నాను. దానికి తొందర, నాకు లేదు."

వెనకనుంచి ఎవరో ఈలవేశారు. పెసలవీధి మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. దొరబాబు, తాను ఏ పార్టీయో మరిచిపోయి, కుర్చీ ఎక్కి కొట్టాడు.

కమిషనరు గారు మంత్రిగారి చెవిదగ్గర వంగారు. "వంతు బదిలీకి ఉత్తర్వులో వెసులుబాటు లేదండి."

మంత్రిగారు కెమెరాలవైపు చూశారు. జనంవైపు చూశారు. కానిస్టేబుళ్ళవైపు చూశారు. ఎన్నికలు గెలిచిన మనిషి ఆయన. "ఉంటుంది లెండి. సరిగ్గా చదవండి," అని లేచి నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

కానిస్టేబుళ్ళు పక్కకి తప్పుకున్నారు. పాడె లోపలికి వచ్చింది. మోసేవాళ్ళు తలలు వంచుకుని నడుస్తున్నారు, ముందున్న రిబ్బను వాళ్ళకి కనబడలేదు. అది పాడెకి అడ్డంపడి, సాగి, తెగి, రెండు ముక్కలూ ముత్యాలు మీద బంతిపూల మధ్య పడ్డాయి. వెండిపళ్ళెంలోంచి కత్తెర తీసుకున్న మంత్రిగారు దాన్ని అలాగే పట్టుకుని పాడెకి దారిచ్చారు. తరువాత శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆ ముక్కల్ని ఏరుకొచ్చి ముడేశాడు. మంత్రిగారు ముడి పక్కగా కత్తిరించారు. ఫోటో దానికే తీశారు.

యంత్రం పనిచేసింది. ఊళ్ళో చాలామందికి అదే అన్నిటికంటే ఆశ్చర్యం.

జనం వెళ్ళిపోయాక ముత్యాలు కూతురు నూకరత్నం దగ్గరికొచ్చి మెట్టుమీద కూర్చుంది. ముఖం తుడుచుకుని ఒక్క మాట అంది.

"అమ్మ తడవలేదు మామ్మా."

నూకరత్నం ఆ పిల్ల తల నిమిరింది. ముసురు రోజున బంగారయ్య పెద్దకొడుకు నిలబడ్డ మిట్ట అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఆవిడ అటు ఎక్కువసేపు చూడలేకపోయింది.

కమిషనరు గారు ఆ సాయంత్రమే నివేదిక పైకి పంపారు. ప్రథమ లబ్ధిదారు పంపన నూకరత్నం గారు దహనవాటిక సేవల పట్ల సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారనీ, వినియోగానంతరం కాలినడకన క్షేమంగా స్వగృహం చేరుకున్నారనీ అందులో రాశారు. పైవాళ్ళు ఎంతో మెచ్చుకున్నారు. దహనవాటికనుంచి లబ్ధిదారు క్షేమంగా తిరిగిరావడం ఏ పట్టణంలోనూ జరగలేదట. ఆ మెప్పుతో చింతలమెరకకి ఊరికి ఉత్తరాన రెండో మోక్షద్వారం మంజూరైంది. దానికీ మంత్రిగారే వస్తారు. దానికీ ప్రథమ లబ్ధిదారు కావాలి.

ఆ కబురు తెలిసిన మూడోనాడు, నూకరత్నం అరుగుమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ ఉంటే కుండలవీధి వాళ్ళు ఒక గుంపుగా వచ్చారు. ఆడవాళ్ళ చేతుల్లో పళ్ళెంలో పసుపు, కుంకం, రవికెల గుడ్డ. కుండలవీధి ఊరికి ఉత్తరాన ఉంటుంది. పెద్దగా కనిపించిన ఒకావిడ ముందుకొచ్చి, బొట్టుపెట్టి, పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఏంటమ్మా, ఎవరింట్లో పేరంటం?"

"పేరంటం కాదు మామ్మా. నువ్వొచ్చి మా వీధిలో ఒక్క నెల ఉండాలి. గది ఇస్తాం. వంటావిణ్ణి పెడతాం. కాలుకి మట్టంటకుండా చూసుకుంటాం."

"ఉండి ఏం చెయ్యాలి?"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఆవిడే ధైర్యం చేసింది.

"జబ్బు పడాలి మామ్మా. మా కాలవ కూడా అలాగే ఉంది."

సత్యవేణి నోరు తెరిచింది. నూకరత్నం చిక్కుళ్ళ చేట పక్కనపెట్టి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది. చెప్పుల కోసం అరుగు కింద చూసింది.

"ముందు పదండి, కాలవ చూపించండి," అంది. "జబ్బు పడేటంత సౌకర్యంగా ఉందో లేదో చూసి చెప్తాను."